దూడకి దక్కని జున్నుపాలు

దగ్గరికొచ్చి కూర్చోండమ్మా, ఒక మాట చెప్తాను. మా రైల్వే క్వార్టర్‌కి మోప్కా ఊరి నుంచి పాలు తెచ్చే ఆయన గేదె ఈనితే జున్నుపాలు ఊరికే ఇచ్చేవోడు. గిన్నె ఖాళీగా పంపకూడదని నేను బెల్లంముక్క వేసి తిరిగిచ్చేదాన్ని.

ఈమధ్య గేదె ఈనిందని తెలిసి, నేనే గిన్నె పట్టుకుని ఆయన ఇంటికెళ్ళాను. వాళ్ళ భాషలో అమ్మని దాయీ అంటారు, నన్నూ అలాగే పిలుస్తాడు.

"జున్నుపాలు లేవు దాయీ. కంపెనీ వ్యాన్‌వోళ్ళు పట్టుకుపోయారు. పొడి చేసి విదేశాలకి పంపుతారట."

"అచ్ఛా! మరి దూడకి ఏటి పట్టావు?"

"డబ్బాపాలు."

నాకు ఒళ్ళు మండింది. "గేదె పాలు దేశాలు తిరగాలి, దాని బిడ్డ డబ్బాపాలు తాగాలా?"

"ఏం చెయ్యను దాయీ? మామూలు పాలపొడికి బయట బేరం లేదని డెయిరీవోళ్ళు మా పాల ధర కోసేశారు. తవుడు ధర ఎవరు కోస్తారు? ఇప్పుడు జున్నుపాలకే గిరాకీ."

మూలన దూడ లేవలేక పడుంది. గేదె దాన్ని నాకుతూనే ఉంది. మర్నాటికి దూడ పోయింది. దూడ కనబడక గేదె పాలు చేపడం మానేసింది. ఇప్పుడు ఆ కంపెనీ వ్యాను పాలాయన గుమ్మం ముందు ఆగడమే లేదు.

మీ ఇల్లు చల్లగుండాలమ్మా. మీ ఇంట ఏ తల్లి బిడ్డని కన్నా, తొలి పాలు ఆ బిడ్డ నోటికే అందాలి.