పాప ‘ఆక్స్’ అంటోంది

ల్యాబ్ టెక్నీషియన్ టీ గ్లాసును కూడా శాంపిల్‌లా వెలుతురుకు ఎత్తి చూడందే తాగడు. నాలుగేళ్ల కూతురు ‘ఆస్క్’ని ‘ఆక్స్’ అనడం మొదలెట్టినప్పటినుంచి, నాలుకలో ఏం లోపముందోనని రోజూ టార్చి వేసి చూస్తున్నాడు. ఇవాళ రక్తపరీక్షకు వచ్చిన ఇంగ్లీషు మాస్టారికి సూది గుచ్చి, ఉండబట్టలేక అడిగేశాడు.

“దానికేనా ఇంత దిగులు? వెయ్యేళ్ల కిందట పుస్తకాల్లోనే అలా రాసేవాళ్లు. ‘బర్డ్’ని కూడా అప్పట్లో ‘బ్రిడ్’ అనేవాళ్లు! శబ్దాలు చోట్లు మార్చుకుంటూనే ఉంటాయి నాయనా. ముందు ఆ సూది తియ్యి!”

దూది అద్ది, పరుగున భార్యకు ఫోన్ చేశాడు. “పాపకేం లేదటే!”

“నేను నెలనుంచి మొత్తుకుంటున్నది అదేగా మహానుభావా!”

అవతల పాప ఫోన్ లాక్కుంది. “నాన్నా, ఒకటి ఆక్స్ చెయ్యనా?”

“వంద ఆక్స్ చెయ్యి తల్లీ!” అని అతను వేసిన కేకకు, వరుసలో కూర్చున్నవాళ్లంతా చొక్కా చేతులు మడవడం ఆపి చూశారు.