ఎడమ వైపు మూడు సందులు

పంతొమ్మిదేళ్ళ క్రితం నగరాన్ని ఐదు డివిజన్లుగా కోసినప్పుడు మూడు సందులు తప్పు డివిజన్‌లో పడ్డాయి. తప్పు జరిగిందంటే ఎవరి మెడకో ఒకరి మెడకు చుట్టాలి కదా, చైన్‌మన్ మెడకు చుట్టారు. ఎండలో గొలుసు లాగుతూ సరిహద్దు కొలిచి పుస్తకంలో రాసినవాడు అతనే మరి. "కుడేదో ఎడమేదో తెలియనివాడికి గొలుసెందుకయ్యా?" అన్నాడు అప్పటి ఇంజినీరు, అందరూ వింటుండగా. సాయంత్రానికల్లా గొలుసు లాక్కుని అతన్ని మెట్ల కింద రికార్డు గదికి పంపేశారు. మర్నాటికి ఎడమకుడి అని పేరొచ్చింది. కొన్నాళ్ళకు ఆ పేరు అసలు పేరును మింగి కూర్చుంది.

ఆ కొలతల పుస్తకం చూసి నక్షా గీసింది అతని బావమరిది. అప్పటికి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. భార్య పోరు పడలేక ఆ ఉద్యోగం ఇప్పించిందీ చైన్‌మనే. విచారణ రోజున బావమరిది నేల చూపులు చూస్తూ, "పుస్తకంలో ఎలా ఉంటే అలాగే గీశానండీ" అన్నాడు. ఆ పుస్తకం తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆ మూడు సందుల్లో టోకు బట్టల దుకాణాలుండేవి. అవి పడిన కొత్త డివిజన్‌లో పన్ను సగం. ఇక ఆలోచించడానికేముంది? కొలతల పుస్తకం చదవడం రానివాడెవడైనా నక్షాల విభాగంలో ఉంటాడా? ఎడమను కుడి చేశాడంటే కావాలని చేసినట్టే. డబ్బు తిన్నాడు. చైన్‌మన్ మనసులో ఆ మాట ఆ రోజే గట్టిపడింది.

అనుమానమనేది ఒకసారి ఇంట్లో దూరితే అద్దె అడగకుండా ఉండిపోయే చుట్టం లాంటిది. రికార్డు గదికి ఎవరొచ్చినా ఏ కట్ట అడిగారో, ఎంతసేపు చూశారో, వెళ్ళేటప్పుడు ఎవరితో నవ్వారో గమనించేవాడు. బావమరిది పళ్ళు తెస్తే, "వీడికి మనతో ఏం పనిపడిందో" అనేవాడు. పని లేకుండానే వచ్చాడని తేలితే, "ఇప్పుడు లేకపోతే రేపు పడుతుంది" అనేవాడు. భార్య ఆ పళ్ళు కోసి పళ్ళెంలో పెట్టేది. తినేవాడు కాదు. ఆమె వంటింట్లోకి వెళ్ళాక ఒక ముక్క తినేవాడు.

ఈ ఏడాది నగరాన్ని మళ్ళీ పంచారు. ఐదు డివిజన్లు ఎనిమిదయ్యాయి. జనం పెరిగారన్నారు, పాలన ఇంటి ముంగిట్లోకి వస్తుందన్నారు. ఆ మాటలు చెప్పేవాళ్ళెవరూ సరిహద్దు మీద ఇల్లు కట్టుకోరు. పైవాళ్ళకు నగరమంటే బల్ల మీద పరిచిన కాగితం. ఆ కాగితం మీద పెన్సిలు వెంట్రుకవాసి జరిగితే, కింద ఒక ముసలామె రెండు బస్సులు మారాలి.

ఆ ముసలామె ఈసారి చైన్‌మన్ భార్యే. మూత్రపిండాలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. మూడో డివిజన్ ఆస్పత్రి వాళ్ళ సందు చివర్నే ఉంది. గోడ పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళొస్తుంది. నోటీసు బోర్డు మీద అంటించిన ముసాయిదా నక్షాలో వాళ్ళ సందు ఏడో డివిజన్‌లోకి పోయింది. ఏడో డివిజన్ ఆస్పత్రి రైలు పట్టాలకు అవతల ఎక్కడో ఉంది.

"వచ్చే నెల నుంచి నా కార్డు అక్కడికి మారుతుందంటున్నారండీ" అంది భార్య, చెప్పులు విప్పుతూ. "తమ్ముడితో ఒక్క మాట చెప్పకూడదూ? ఇప్పుడు నక్షాలకి పెద్ద వాడే కదా."

"వాడే కదా గీసింది."

"వాడెందుకు గీస్తాడు? నేను వాడి అక్కని."

"నేనూ అప్పుడు వాడి బావనే."

ఆమె గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది. "మీకు నీడ కనిపించినా ఎవరు పంపారని అడుగుతారు."

అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువిచ్చారు. ఎడమకుడి అర్జీ పెడితే ఆఫీసు పగలబడి నవ్వుతుందని అతనికి తెలుసు. అందుకని ముందు రుజువు కావాలనుకున్నాడు. ఈసారి కొలిచిన పుస్తకాలన్నీ రికార్డు గదికే చేరాయి. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక తలుపు దగ్గరకు వేసి, తమ సందున్న పుస్తకం తీశాడు.

కొలతల పుస్తకానికి ఒక పద్ధతుంది. పేజీ మధ్యలో నిలువుగా గొలుసు నడిచే దారి. దానికి ఎడమ పక్కనున్న సందులు ఎడమకు, కుడి పక్కనున్నవి కుడికి రాస్తారు. మొదటి కొలత పేజీ అడుగున రాసి పైకి వెళతారు. నడిచేవాడు ముందుకు పోతున్నట్టే రాతా పైకి పోతుంది. చదివేవాడూ అడుగు నుంచే మొదలుపెట్టాలి. పైనుంచి చదివితే ఎదురుగా నడిచినట్టవుతుంది, ఎడమన ఉన్నవన్నీ కుడికి పడతాయి.

పుస్తకంలో అంతా సరిగ్గానే ఉంది. వాళ్ళ సందు ఎడమ వైపు, మూడో డివిజన్‌లో. నక్షాలో కుడి వైపుకు పోయింది. నక్షా కింద సంతకం బావమరిదిది. పంతొమ్మిదేళ్ళుగా పాత నక్షాల మీద పల్చటి కాగితం పెట్టి దిద్దించినవాడు, ఇక్కడ దిద్దడానికి పాత గీత లేని కొత్త సరిహద్దు కదా అని ఈ ఒక్కటీ తనే గీశాడట.

"దొరికావురా!" అన్నాడు చైన్‌మన్ పైకే. కడుపులో చల్లగా అనిపించింది.

అయితే ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. ఎవరు డబ్బిచ్చుంటారు? అతని సందులో ఉన్నవి నలభై ఇళ్ళు, ఒక దర్జీ కొట్టు, మూతబడిన పిండిమర. ఈ సందు కోసం పైసా ఇచ్చే పిచ్చివాడు ఈ నగరంలో ఉన్నాడా? పోనీ పగా అంటే, తోడబుట్టిన అక్క మీద దేనికి? ఏ పక్క నుంచి పట్టుకున్నా అనుమానం చేతికి చిక్కలేదు. అతనికి మొదటిసారి భయమేసింది.

పుస్తకం చంకలో పెట్టుకుని మేడెక్కాడు. బావమరిది ఒక్కడే ఉన్నాడు, బల్ల మీద టీ గ్లాసు, పక్కన కళ్ళజోడు.

"ఏంటి బావా, మీరిలా పైకి? అక్క బాగానే ఉందా?"

పేజీ తెరిచి ముందు పెట్టాడు. "చదువు."

"ఏం చదవను?"

"నువ్వు నక్షా గీసేటప్పుడు ఎలా చదువుతావో అలాగే."

బావమరిది కళ్ళజోడు పెట్టుకుని పేజీ నెత్తిన వేలు పెట్టాడు. ఒక్కో గీతా కిందికి దిగుతూ చదువుకుంటూ పోయాడు.

"మళ్ళీ చదువు."

వేలు మళ్ళీ నెత్తినే ఆగింది. చైన్‌మన్ ఆ వేలు పట్టుకుని మెల్లగా పేజీ అడుక్కి లాగాడు.

బావమరిది పేజీ చూశాడు, గోడ మీది నక్షా చూశాడు, మళ్ళీ పేజీ చూశాడు.

"కింది నుంచా బావా?"

"ఎవరూ చెప్పలేదా?"

"అప్పుడు మీరు చెబుతారనుకున్నాను. మీరేమో నాకు వచ్చనుకున్నారు. తర్వాత అడగబోతే... చదవడం కూడా రాదా అని నవ్వుతారని భయమేసింది." పేజీ మీంచి తలెత్తి, "అయితే అప్పటి మూడు సందులు?" అన్నాడు.

చైన్‌మన్ పుస్తకం మూసి మెట్లు దిగిపోయాడు.

గడువు ముగిసేలోగా సందు మూడో డివిజన్‌లోకి తిరిగొచ్చింది. సవరణ కాగితంలో కారణం 'రాతదోషం' అని ఉంది. రాత ఎవరిదో రాయలేదు. భార్య కార్డు ఉన్న చోటే ఉంది.

కొత్త డివిజన్లు అమల్లోకి వచ్చిన రోజు పొద్దున్నే బావమరిది వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి పళ్ళు తేలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"పాత తప్పు నాదేనని రాశాను బావా. మీరు ఊఁ అంటే ఇవాళే కమిషనర్‌కిస్తాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వచ్చిన పరువు పోతే పోయింది."

చైన్‌మన్ ఆ కాగితం తీసుకుని చదివాడు. వెనక్కి తిప్పి అక్కడేమైనా రాసుందేమోనని చూశాడు. వెలుతురుకు ఎత్తి మరోసారి చూశాడు. లోపల్నుంచి భార్య, "వాణ్ణి లోపలికి రమ్మనండీ" అని కేకేసింది. అతను గుమ్మంలోంచి పక్కకు జరగలేదు. కాగితం మళ్ళీ మడిచి బావమరిది జేబులో పెట్టాడు. తర్వాత ఒకే ఆఫీసులో ఉన్నా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ రోజు గుమ్మంలో చైన్‌మన్ అన్నది ఇదీ:

"నువ్వు దొంగవని నమ్మి ఇన్నేళ్ళూ నీ మీద కోపంతోనే నిటారుగా నిలబడ్డానురా. ఇప్పుడేమో నీకు చేతకాలేదంటున్నావు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోమంటావో ముందది చెప్పు, తర్వాత ఇద్దువుగాని నీ కాగితం."