నిమ్మళం పంచిన చేతులు

పోయిన మంగళవారం జనగామలో బడికి బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "సిస్టరమ్మ పోయిందే బిడ్డా" అంది. ముందు రోజు సాయంత్రం కూడా మా ఇంట్లో కూర్చుని, సీరియల్‌లో అత్తను తిట్టుకుంటూ చూసి వెళ్లిందట. తెల్లారి లేవలేదు. నేను సెలవు చెప్పి మానుకోట రైలెక్కాను. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా మాకు అది మానుకోటే.

సిస్టరమ్మ మా పక్కింటావిడ. చిట్యాల సర్కారు దవాఖానలో చాలా ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక మా పక్కన ఇల్లు కట్టుకుంది. సూది పట్టిన చెయ్యి ఊరికే ఉండదు కదా! హన్మకొండలో ఎవరో నేర్పుతుంటే వెళ్లి ప్రాణశక్తి చికిత్స నేర్చుకొచ్చింది. అరచేతులను మనిషి మీదో, కాస్త ఎడంగానో ఉంచి లోపలి శక్తిని సరిచేస్తామని చెప్పే పద్ధతి అది. నేను సైన్సు పాఠాలు చెప్పేదాన్ని, నవ్వొచ్చింది. ఆమె ఏమీ అనుకోలేదు. "నవ్వు బిడ్డా, నవ్వితే గూడ నిమ్మళమే" అంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో అమ్మకు రొమ్ములో గడ్డ బయటపడింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి, మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఎక్కించుకుని వచ్చినప్పుడల్లా వాంతులు, నిద్ర లేకపోవడం. జుట్టు ఊడిపోయి, నెత్తికి తువ్వాల చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. చూడలేక ఒకనాడు నేనే సిస్టరమ్మను పిలిచాను.

వచ్చీ రాగానే చేతులు పెడుతుందనుకున్నాను. ముందు మందుల సంచి తెప్పించి అన్నీ చూసింది. "పొద్దుగాల గోలీలు ఏసుకున్నవా అక్కా?" అని అడిగింది. వేసుకున్నానన్నాకే కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"ముట్టుకోనా, ఎడంగ పెట్టనా? నీ ఇష్టం. జర వెచ్చగ అనిపియ్యొచ్చు. నిద్రొస్తే పో, ఏడుపొస్తే ఏడ్వు. ఏం అనిపియ్యకుంటే గదే చెప్పు, నేనేం అనుకోను. గడ్డలు కరిగిచ్చే పని మాత్రం నా చేతులకు రాదు. గది దవాఖాన పని."

అమ్మ నుదుటి మీద, భుజాల మీద, కడుపు మీద మెల్లగా చేతులు ఉంచింది. కాసేపటికి గురక వినిపించింది. ఎన్నో రోజుల తర్వాత విన్న ఆ గురకకు నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాతిసారి వరంగల్ వెళ్లినప్పుడు, ఇలా చేతులు పెడుతున్నాను, ఏమైనా అడ్డమా అని సిస్టరమ్మే డాక్టరును అడిగింది. నిద్ర పడుతుంటే మంచిదే, మందు మాత్రం ఆపొద్దని ఆయన అన్నాడు.

చిక్కు అమ్మతోనే వచ్చింది. ఆ వెచ్చదనం రుచి మరిగాక ఆమెకు వరంగల్ పేరెత్తితే విసుగు. ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు బందయ్యాయి. నేనూ సమ్మెలోనే ఉన్నాను కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాను. మందు ఎక్కించుకునే రోజు రానే వచ్చింది. అమ్మకు మంచి సాకు దొరికింది.

"బస్సులే లేవు, ఎట్ల పోతం? తెలంగాణ వచ్చినంక పోత తియ్. అందాక సిస్టరమ్మ చేతులే సాలు."

సిస్టరమ్మ మొహం ఎర్రబడింది. ఆమెకు అంత కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం. "తెలంగాణ వచ్చిందాక నీ రోగం ఆగుతదా? నా చేతుల్ని నమ్మి మందు బంద్ జేస్తివంటే గీ చేతులు నాకే వద్దు. నువ్వు వరంగల్ పోయెదాక నిన్ను ముట్టుకోను" అని వెళ్లిపోయింది. అమ్మ ఏడ్చింది. నాకూ భయం వేసింది. తెల్లారి చూస్తే మా వాకిట్లో ఆటో, అందులో దిండు పెట్టుకుని సిస్టరమ్మ. "ఎక్కు అక్కా" అంది. అమ్మ ఎక్కింది, వెనకే నేనూ ఎక్కాను.

నెక్కొండ దగ్గర ఉద్యమం వాళ్లు దారి ఆపి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డున రాళ్ల పొయ్యిలు, వాటి మీద అన్నం గుండిగలు. ఆటో ఆపేశారు. సిస్టరమ్మ దిగి, "నేను గూడ మొన్న దీక్ష టెంట్ల కూసున్నదాన్నే కొడుకా. గీమెకు మందు ఎక్కియ్యాలె" అంది. అమ్మ తువ్వాల చూసి వాళ్లు ఇంకేమీ అడగలేదు. ఒక పొయ్యి మీది గుండిగ దించి, రాళ్లు పక్కకు జరిపారు. ఒకాయన సిస్టరమ్మ చేతిలో టీ గ్లాసు పెట్టి, "పైలంగ పోండ్రి అవ్వా" అన్నాడు.

ఆమె ఆ టీ తాగలేదు. గ్లాసు చుట్టూ రెండు అరచేతులూ బిగించి, కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత గ్లాసు నాకిచ్చి, కడుపులో తిప్పుతోందని మూలుగుతున్న అమ్మ కడుపు మీద చేతులుంచింది. నాకు అప్పుడు వెలిగింది.

"నీ శక్తి అంత టీ గ్లాసుదేనా సిస్టరమ్మా?" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "సల్లటి చెయ్యి పెడితే ఎవలైన ఉలిక్కిపడరా బిడ్డా? దవాఖానల సూది ఇచ్చేటప్పటి సంది గిదే అలవాటు. శక్తి ఉన్నదో లేదో, గది నువ్వు సూడు. చెయ్యి వెచ్చగ ఉండాలె, గది నేను సూస్త."

అమ్మ కళ్లు మూసుకునే నవ్వింది. ఆ రోజు మందు ఎక్కింది, ఆ తర్వాతవీ ఎక్కాయి. రాష్ట్రం వచ్చిన రోజు అమ్మ మళ్లీ ఒత్తుగా పెరిగిన జుట్టు నిండా గులాల్ పోసి, "ఇగ నీకు ఏ సాకు లేదు" అంది సిస్టరమ్మ. ఆ శక్తి సంగతి నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. ఆమె మీద మాత్రం మా అమ్మ ప్రాణమంత నమ్మకం.

మంగళవారం నేను చేరేసరికి సిస్టరమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదని ఎవరో టీ తెచ్చి చేతిలో పెట్టారు. అమ్మ తాగలేదు. గ్లాసు చుట్టూ రెండు అరచేతులూ బిగించి చాలాసేపు పట్టుకుంది. తర్వాత గ్లాసు కింద పెట్టి, వంగి, సిస్టరమ్మ చల్లటి చేతుల మీద తన చేతులుంచింది.