రెండు తీగలూ ఒకే కొలత

మా బావగారు పోయారని మంగళవారం పొద్దున్న కోటబొమ్మాళి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన మా ఆవిడకి సొంత అన్నయ్య. ఆవిడ ఏడుస్తూ కూలబడిపోయింది. నాకు మాత్రం ముందు ఒళ్లు మండింది. ఇరవయ్యేళ్ల వాదంలో నేనే గెలిచానని ఆయనకి చెప్పడానికి ఇంకొక్క ఆదివారం చాలు. ఆ మాత్రం ఆగలేదు మనిషి.

బావగారు రైల్వేలో సిగ్నల్ తీగలు వేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం బస్సెక్కి పాటలు వినడానికి రాజాంలో మా ఇంటికి వచ్చేవారు. హాల్లో స్టీరియో అమర్చింది కూడా ఆయనే. ప్లగ్గు కుడి మూల ఉంది కాబట్టి ఆంప్లిఫయరు అక్కడ పెట్టాం. కుడి స్పీకరు దాని పక్కనే. రెండడుగుల వైరు చాలు. ఎడమ స్పీకరు గదికి అవతల. వైరు గోడెక్కి, గుమ్మం మీదుగా దిగాలంటే ముప్ఫై అడుగులు కావాలి. ఈయన రెండింటికీ ముప్ఫై అడుగులే వేశారు. మిగిలిన వైరంతా కుడి స్పీకరు వెనక పెద్ద చుట్టగా పడి ఉండేది. అందులో చీపురు చిక్కుకునేది, బల్లులు కాపురం పెట్టేవి.

"రెండు తీగలూ ఒక్క కొలతుండాల బావా. ఒక ఎద్దు ముందెల్లి ఒక ఎద్దు ఎనకొస్తే బండి నడుస్తాదేటి?" అనేవారు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. కరెంటుకి ముప్ఫై అడుగులు ఒక దూరమే కాదని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ కాగితాన్ని మడతపెట్టి, ఊగుతున్న స్పీకరు కింద ఎత్తుగా పెట్టారు.

వచ్చినప్పుడల్లా ఒకటే తంతు. నన్ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎడమ చివర చేరేవారు. పాట మొదలవగానే రెండు పక్కలా సమానంగా వినిపిస్తోందా అని అడిగేవారు. తలూపితే నమ్మకం కుదరక, కుర్చీ అంగుళం జరిపించి మళ్లీ అడిగేవారు. పాట వినడానికొచ్చి పాటని విననివ్వని మనిషితో ఎలా వేగాలి? అయినా ఒకటి చెప్పకపోతే పాపం. ఆయన బిగించిన ఒక్క స్క్రూ ఇన్నేళ్లలో వదులు కాలేదు. మా ఇంట్లో పాట ఒక్క వారం ఆగలేదు.

కిందటి నెల ఓపిక చచ్చి, కుడి స్పీకరు వైరుని రెండడుగులకి కోసేశాను. అనుమానం రాకుండా మిగతా చుట్టని అక్కడే ఉంచాను. ఆదివారం ఆయన వచ్చారు, అడిగారు, సమానంగానే ఉందన్నాను. "సూసావా, కిటుకంతా తీగలోనే ఉన్నాది" అని మీసం దువ్వుకున్నారు. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. వచ్చే వారం ఆ చుట్ట ఆయన చేతిలో పెట్టి మొహం చూద్దామనుకున్నాను.

కర్మ అయ్యాక ఈ సంగతి ఆయన భార్యకి చెప్పాను. నాకు వరసకి అక్క. నవ్వుతుందనుకున్నాను.

"ఆయనకెలాగ తెలుస్తాది తమ్ముడూ" అంది. "ఎడం సెవి పోయి పదేళ్లయినాది. నీకు సెప్పొద్దన్నారు. తెలిస్తే ఆ బావ జాలిపడి నాతో దెబ్బలాట మానేస్తాడు, అనీవోరు."

అన్నాళ్లూ ఆయన నన్ను పరీక్ష చేస్తున్నారనుకున్నాను. తనకి తెలియక అడుగుతున్నారు పాపం. నేనేమో వినకుండానే తలూపేవాణ్ణి. తనకి వినపడని పక్కని నా కోసం సరిచేసుకుంటూ పదేళ్లు బస్సెక్కి వచ్చారు. ఆ ఒక్క ముక్క నోరు విప్పి చెబితే ఏం పోయేది? కళ్లు తుడుచుకుంటున్నా ఇప్పటికీ కోపమే వస్తోంది.

నిన్న ఆదివారం పాట పెట్టి మధ్య కుర్చీలో కూర్చున్నాను. ఎడమ చెవిని వేలితో గట్టిగా మూసుకున్నాను. పాట మొత్తం కుడివైపుకి చేరిపోయింది. ఎంతసేపు విన్నా ఎడమ స్పీకరు పలుకుతోందో లేదో పోల్చుకోలేకపోయాను. చివరికి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడని అడిగాను, రెండు పక్కలా సమానంగా వినిపిస్తోందా అని.