లేని రెండో పిస్తోలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. ఎవరు ఏ పెళ్ళిలో నన్ను పలకరించకుండా వెళ్ళారో ఇప్పటికీ చెప్పగలను. నేను చేసింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల్లో ఖతర్‌లో, మెసైమీర్ దగ్గరి కూలీల క్యాంప్‌లో ఉండేవాణ్ణి. రాజం మా ఊరివాడు, వరసకు బావమరిది. మా యజమానిని అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన్ను బతిమాలి రాజంను పిలిపించింది నేనే. ఆ సంగతి వాడు ఎవరితోనూ అనేవాడు కాదు. అదీ గుర్తుంది.

ఆ దేశంలో నదులు లేవు. సముద్రమే పాయలా నేలలోకి చొచ్చుకొస్తుంది. అలాంటి పాయ ఒడ్డున రాళ్ళ గోడ కట్టే పని మాది. ఒక ఉదయం నీళ్ళు వెనక్కి తగ్గాక నా గడ్డపారకు బురదలో ఏదో తగిలింది. తుప్పు పట్టి, గుల్లలు అంటుకుపోయిన పిస్తోలు. ముట్టుకోవాలంటే భయమేసి రాజంను పిలిచాను. వాడు దాన్ని కడిగి, నేరుగా అర్బాబ్ చేతికిచ్చాడు.

ఒకప్పుడు పడవల్లో బొంబాయికి బంగారం దాటించిన ముఠాలదై ఉంటుందన్నాడు అర్బాబ్. రాజం భుజం తట్టాడు. నమ్మకస్తుడన్నాడు. పోలీసులకు అప్పగించడానికి వాణ్ణే వెంట తీసుకెళ్ళాడు. మొదట చూసిందెవరని ఎవరూ అడగలేదు. రాజమూ చెప్పలేదు.

నెల తిరక్కుండా వాడికి అల్ హిలాల్‌లో అర్బాబ్ విల్లాలో పని దొరికింది. చెట్లకు నీళ్ళు పెట్టడం, కారు కడగడం, చల్లటి గదిలో పడక. నేను అదే ఎండలో అవే రాళ్ళు మోశాను. శుక్రవారం వాడు ఇస్త్రీ చొక్కాతో క్యాంప్‌కు వస్తే అందరూ చుట్టూ చేరేవారు. నా పక్క మంచం మల్లేశం ఒకసారి నవ్వుతూ, “ఏందన్నా, నీ గడ్డపారకు ఇంకో పిస్తోలు తగుల్తలేదా?” అన్నాడు.

ఇంకో పిస్తోలు. ఆ మాట నాలో ఉండిపోయింది.

మర్నాడు మా ఫోర్‌మన్‌తో అన్నాను: దొరికినవి రెండు, రాజం ఒకటే ఇచ్చాడు అని. కోపంలో నోరు జారానా? లేదు. ఎవరి చెవిన వేస్తే అర్బాబ్ దాకా వెళ్తుందో ఆలోచించుకునే వేశాను.

పోలీసులు రాజం గది వెతికారు. ఏమీ దొరక్క వదిలేశారు. అర్బాబ్ మాత్రం ఎక్కడో దాచాడనుకున్నాడు. లేనిదాన్ని లేదని ఎవడైనా ఎలా చూపిస్తాడు? “ఖలాస్” అన్నాడాయన. వీసా రద్దయింది.

వెళ్ళే రోజు రాజం క్యాంప్‌కు వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు.

“బావా, నీ ఉసురే తగిలింది నాకు.”

“ఏం ఉసురురా?”

“ముందుగాల చూసింది నువ్వని అర్బాబ్‌కు చెప్పకపోతి. చెప్తే విల్లా పని నీకే వస్తుండె. ఆశ పడ్డ. మనసుల పెట్టుకోకు.”

నెలల తరబడి నేను వినాలనుకున్న మాట అదే. తీరా విన్నాక ఏం చేశాను? విమానానికి ఇంకా సమయం ఉంది, ఫోర్‌మన్ పక్క గదిలోనే ఉన్నాడు, లేచి నాలుగు మాటలు చెబితే చాలు, అది తెలిసీ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

“ఇప్పుడు చెప్తే ఏం ఫాయిదా?” అన్నాను.

ఇంకోటి కూడా ఉంది. వాడు వెళ్ళాక ఆ విల్లా పనికి నన్ను పిలుస్తారేమోనని ఆశపడ్డాను. పిలవలేదు.

రాజం మళ్ళీ గల్ఫ్ చూడలేదు. ఊళ్ళో కనిపిస్తే ఇప్పటికీ ‘బావా’ అంటూ ఎదురొస్తాడు. తన చిన్న తప్పు వాడు నా ముందు ఒప్పుకున్నాడు. నాది వాడి ముందు నోరు దాటలేదు. దొరికింది ఒక్కటే పిస్తోలు. ఇది రాశాక ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది, అంతే. క్షమించమని అడగను. అడిగితే, మొదట చూసింది నేనే కదా అని మళ్ళీ సాకులు మొదలుపెడతాను.