ఓడలో గదుల పంపకం

మాకు కొత్తగా పెళ్లయిన ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలంలో, ఆర్మూర్‌లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవాలంటే ఏదో ఒక పని అడ్డం పెట్టుకోవాల్సిందే. కింద విత్తనాలు, పురుగుమందుల దుకాణం, పైన మా ఇల్లు. ఇంటినిండా అత్తామామలు, బావగారి కుటుంబం, పసుపు అమ్ముకోవడానికి మార్కెట్ యార్డుకు వచ్చి మా వరండాలో నడుం వాల్చే చుట్టాలు. మా ఆయన నాతో అన్న మాటలన్నీ "తాళం చెవి ఏడున్నది", "నాయినకు చాయ్ ఇచ్చినవా" వంటివే. ఆయనకు వంకాయ ఇష్టమో కాదో కూడా నేను అత్తమ్మను అడిగి తెలుసుకున్నానంటే మీరు నమ్మాలి.

అలాంటి ఇంటికి యూరప్ ఓడ ప్రయాణం వచ్చి పడింది. పురుగుమందుల కంపెనీవాళ్లు బాగా అమ్మిన డీలర్లను జంటలుగా విదేశాలు తిప్పుకొచ్చే పద్ధతి ఒకటుంది. (మా వైపు దుకాణాల్లో దేవుడి పటం పక్కనే, బ్యాంకాక్‌లో టోపీ పెట్టుకుని దిగిన యజమాని ఫోటో ఉండేది అందుకే.) ఆ ఏడు మా మామకు యూరప్ దక్కింది. అత్తమ్మేమో నీళ్ల మీద తాను పండుకోనని తెగేసి చెప్పి, కొత్తగా పెళ్లయిన పిల్లలను, అంటే మమ్మల్ని, పంపమంది. వంటింటి తలుపు చాటున ఆ మాట విన్న నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. రోజుల తరబడి సముద్రం, రోజుకో ఊరు, మేమిద్దరం. ఆయనతో ఏమేం మాట్లాడాలో అంట్లు తోముతూ కూడా ఆలోచించుకునేదాన్ని.

నేను లెక్కలో వేసుకోనిది యాత్ర సేటును. బాల్కొండలో పెద్ద ఎరువుల వ్యాపారి, మా మామకు దోస్తు. ఏటా బస్సు మాట్లాడి జనాన్ని షిర్డీ తీసుకెళ్లి భద్రంగా తీసుకొచ్చేవాడు కాబట్టి ఆ పేరు. మా జిల్లా జంటలకు పెద్దదిక్కుగా కంపెనీ ఆయన్నే పెట్టింది. బార్సిలోనాలో ఓడ ఎక్కగానే ఆయన అందరి గది తాళాలూ (తాళాలంటే తాళాలు కావు, అట్టముక్కల్లాంటి కార్డులు) తన దగ్గరికి తీసుకుని, సత్రంలో పంచినట్టే పంచాడు. ఆడవాళ్లు ఆడవాళ్లకు, మగవాళ్లు మగవాళ్లకు. "ఆడోళ్లకు ఆడోళ్లు తోడుంటెనే మంచిగుంటది" అన్నాడు. ఒక్కరూ కిక్కురుమనలేదు. ఎలా అంటారు? అనాలంటే, నాకు నా పెళ్లాంతోనే ఉండాలని ఉంది సేటూ అని నలుగురిలో నోరు తెరవాలి. మా దిక్కు మగవాడు దానికంటే సముద్రంలో దూకడమే నయమనుకుంటాడు.

అలా నా వాటాకు సేటు భార్య సేటమ్మ, మా ఆయన వాటాకు సేటు వచ్చారు. సేటమ్మ మంచి మనిషే. కానీ కిటికీ అవతల అంత సముద్రం నీలంగా పరుచుకుని ఉంటే, నేను కూర్చుని ఆమె మోకాళ్లకు నొప్పుల మందు రాస్తున్నాను. ఊళ్లు చూడ్డానికి దిగితే అక్కడా అదే వరస. ముందు సేటు, వెనక మగవాళ్లు, వాళ్లకు చాలా వెనకగా మేము. మార్సెయ్ రేవులో బల్లల మీద పరిచిన చేపలు చూసి, గింత పెద్దగున్నయేంది అని పక్కకు తిరిగితే సేటమ్మ. జెనోవాలో ఇరుకు సందుల పైన మన ఇళ్లలో లాగే ఆరేసిన బట్టలు చూసి నవ్వొచ్చి పక్కకు తిరిగితే మళ్లీ సేటమ్మే. ఒకసారి మాత్రం మగవాళ్లంతా చర్చి బొమ్మలు చూస్తుండగా మా ఆయన దొంగలా వెనక్కి వచ్చి, నా చేతిలో ఒక ఐస్‌క్రీం పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పరుగెత్తాడు. ఎవరిచ్చారని సేటమ్మ అడిగితే కంపెనీవాళ్లని చెప్పాను.

రోజూ భోజనాల దగ్గర సేటు లేచి, "ఎవరికన్న ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?" అని అడిగేవాడు. పాపం, ఆయన మనసులో కల్మషం లేదు. ఒకరోజు మెట్ల దగ్గర రెండు నిమిషాలు దొరికితే మా ఆయనకు బాగా నూరిపోశాను, ఇవాళ అడగగానే లేచి గదుల సంగతి చెప్పాలని. ఆయన నా చేతిలో చెయ్యేసి ఒట్టు కూడా పెట్టాడు. సేటు అడిగాడు. మా ఆయన లేచాడు. "పెరుగు జర పుల్లగున్నది కాకా" అని కూర్చున్నాడు. ఆ పెరుగు గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలన్నంత కోపమొచ్చింది నాకు. సేటు మాత్రం నిజంగానే వంటవాళ్ల దగ్గరికి పోయి పెరుగు సంగతి మాట్లాడి వచ్చాడు.

ఇక నేపుల్స్ ఒక్కటే మిగిలింది. ముందురోజు ఓడ ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల్లో సేటు మళ్లీ అదే మాట అడిగాడు. మా ఆయన తల వంచుకుని పళ్లెంలోకి చూస్తున్నాడు. రేపటితో అయిపోతుంది, మళ్లీ ఆర్మూర్, మళ్లీ ఆ ఇల్లు, ఆ జనం. ఏడుపొచ్చింది. ఏడుపు ఆపుకుంటూనే లేచి నిలబడ్డాను. కొత్త కోడలు అలా లేవడం ఎవరూ చూడలేదు కాబోలు, చెంచాలన్నీ ఆగిపోయాయి.

"నాకున్నది మామా తక్లీఫ్. నేను మా ఆయనతోని సముద్రం సూద్దామని వచ్చిన. ఒక్క దినం గూడ సూడలే."

అనేశాక చెవులు వేడెక్కిపోయాయి. సేటు మొహం చూస్తే, ఇప్పుడే మా మామకు ఫోన్ చేస్తాడనిపించింది. అప్పుడు నా పక్కనుంచి సేటమ్మ, రొట్టె తుంచుకుంటూ, తలెత్తకుండానే అంది. "పిల్ల నిజమే చెప్పింది. షిర్డీల గిట్లనే జేస్తివి, తిరుపతిల గిట్లనే జేస్తివి. నాకు సుత నీతోని ఒక్క ఊరన్న సూడాలని ఉండదా?"

సేటు ఆమె వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఈ ముచ్చట ఎందుకు చెప్పలేదని ఆమెను మెల్లగా అడిగాడు. ఆమె ఇంకో రొట్టె ముక్క తుంచుకుంది. ఆయన మా వైపు తిరిగి, ఎవరి పెట్టెలు వాళ్లు సర్దుకోండ్రి అన్నాడు. ఆ తర్వాత గదుల ముందు నడవ చూడాలి. పెట్టెల చక్రాల చప్పుడు, పరుగులాంటి నడకలు, ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు చూడకుండా గోడల్ని చూడటాలు. నిజామాబాద్ నుంచి వచ్చిన అరవై దాటిన డీలరుగారొకరు (నవ్వితే పరువు పోతుందనుకునే మనిషి) అందరికంటే ముందున్నారు. రోజూ తక్లీఫ్ లేదన్నది వీళ్లేనా అని నాకు నవ్వాగలేదు.

మా గది తలుపు మూసుకుంది. మంచానికి ఆ చివర ఆయన, ఈ చివర నేను. అంట్లు తోముతూ అనుకున్న మాటల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. చాలాసేపటికి ఆయనే గొంతు సవరించుకుని అడిగాడు.

"నీకు చిన్నప్పుడు ఏం గావాలని ఉండె?"

ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. కన్నవాళ్లు కూడా అడగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కిటికీలో ఎండ తగ్గేదాకా చెబుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. మర్నాడు నేపుల్స్‌లో ఏం చూశారని మాత్రం నన్నడగకండి. కోట ఒకటుంది, దూరంగా కొండ ఒకటుంది. ఇద్దరం పక్కపక్కన నడిచాం, నాకు అంతే గుర్తు. మా ముందు సేటూ సేటమ్మా నడుస్తున్నారు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఆయన ఆమె సంచి పట్టుకున్నాడు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఇంట్లో నా మాటే చెల్లుతుంది, దుకాణంలో కూడా (మా ఆయన ఒప్పుకోడు). అయినా నాకంటూ ఏదైనా కావాలని అడగాలంటే పదిసార్లు వెనకాముందూ చూస్తాను, ఎవరేమనుకుంటారోనని. అంతమంది పెద్దల మధ్య కళ్లనిండా నీళ్లతో లేచి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే, ఎవరమ్మా నువ్వు, ఇంత ధైర్యం ఎక్కడిది నీకు అని అడగాలనిపిస్తుంది. ఈ ఎండాకాలం ఇద్దరమే ఎక్కడికైనా పోదామని మా ఆయనతో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రేపు తప్పకుండా అడుగుతాను.