యూఖిమ్ మొహం వంక ఒక చూపు

యూఖిమ్ పొయ్యిలు కట్టే మనిషి. ఉక్రెయిన్‌లో పోల్తావా పక్క ఊళ్లలో సగం ఇళ్లను చలికాలం వెచ్చగా ఉంచేది అతని చేతి పనే. మాట తక్కువ. పొగ ఎటు పోతోందో చూసి తల ఊపేవాడు, లేదా ఊపేవాడు కాదు. ఇంటివాళ్లకి అది చాలు.

2014లో తూర్పున యుద్ధం మొదలైనప్పుడు, పట్నంలోని బడి వ్యాయామశాలలో నలభై మంది పోగయ్యారు. వేట తుపాకులు, పరుగు బూట్లు, ఒకడి నెత్తిన తాత నాటి ఇనుప టోపీ. ముందు ఒక పెద్దని ఎన్నుకుందామన్నారు. గుండ్రంగా నిలబడ్డారు. ముప్పై ఎనిమిది చేతులు యూఖిమ్ కోసం లేచాయి.

"నేనెందుకు?" అన్నాడు.

"పొద్దుట్నుంచీ అరవకుండా కూర్చున్నది నువ్వొక్కడివే బాబాయ్" అన్నాడు తిమీష్. తిమీష్ ట్రాలీబస్సు నడిపేవాడు. నోరు ఊరుకోదు.

ఆ ఆగస్టులో ఒక పుచ్చతోటలో వాళ్ల మీద గుండ్లు పడ్డాయి. ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. పడుకున్న చోటి నుంచే అందరూ తల తిప్పి యూఖిమ్ మొహం చూశారు. అతను కాసేపు చెవి పెట్టి విన్నాడు. "వాగులోకి" అన్నాడు. వెళ్లారు. బతికారు.

అప్పటి నుంచి ఆ చూపు నిలిచిపోయింది.

నలభై మంది నాలుగు వందలయ్యారు. సైన్యం వాళ్లని తనలో కలుపుకుంది. జీతాలొచ్చాయి, ఒకే రంగు దుస్తులొచ్చాయి, చేతులెత్తి ఎన్నుకోవడం పోయింది. 2022లో రష్యా పెద్ద దండయాత్ర వచ్చిన మరుసటి ఏడు అది బ్రిగేడ్ అయింది. నాలుగు వేల మంది. ఇప్పుడు అధికారులు పైనుంచి కాగితం పట్టుకుని వస్తారు. యూఖిమ్ అందులో ఒక చిన్న దళానికి సార్జెంటు. వయసు యాభై ఆరు. మోకాళ్లు వానని ముందే చెబుతాయి.

ఆ దళానికి కొత్తగా వచ్చిన అధికారి లెఫ్టినెంట్ సెవెరిన్. పాతికేళ్లవాడు, సైనిక విద్యాలయంలో చదివినవాడు. అందరూ తిన్నాక తింటాడు. తర్ఫీదు మైదానంలో మూడో రోజు యూఖిమ్‌ని పక్కకి పిలిచి, డ్రోన్ పైనుంచి తీసిన వీడియో చూపించాడు.

"ఇక్కడ నేను 'పరుగు' అన్నాను. చూడండి యూఖిమ్ సావిచ్" అన్నాడు, తండ్రి పేరు కలిపి మర్యాదగా పిలుస్తూ.

తెర మీద ఇరవై ఆరు ఇనుప టోపీలు ఒక్కసారిగా ఎడమకి తిరిగాయి. ఎడమన యూఖిమ్ ఉన్నాడు. ఆ తర్వాతే కాళ్లు కదిలాయి.

"ఒకటిన్నర సెకను ఆలస్యం" అన్నాడు సెవెరిన్. "పోయిన వారం చేరినవాళ్లు కూడా చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో వాళ్లకే తెలీదు. అందరూ చూస్తున్నారు కాబట్టి చూస్తున్నారు."

యూఖిమ్ ఆ వీడియోని ఇంకోసారి చూశాడు. తప్పెవరిదని అడగలేదు.

"పది రోజుల్లో ముందు వరసకి వెళ్తున్నాం. అక్కడ ఒకటిన్నర సెకనుకి మనుషులు పోతారు. వెనక సరుకుల డిపోలో ఖాళీ ఉంది. మిమ్మల్ని అక్కడికి పంపమని రాయాలా వద్దా అని రెండు రాత్రులుగా ఆలోచిస్తున్నాను."

"ఆ పది రోజులూ నాకివ్వండి లెఫ్టినెంట్ గారూ."

మర్నాడు యూఖిమ్ అందరినీ నిలబెట్టి చెప్పాడు: "ఇకమీదట నా మొహం చూడొద్దు." ఇరవై ఆరు మంది అతని మొహంలోకి చూశారు.

"ఏంటా చూపు?"

"నిజంగానే అంటున్నావో లేదో తెలియాలిగా బాబాయ్" అన్నాడు తిమీష్.

వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు. మెడలు ఇంకాస్త ఎక్కువ తిరిగాయి. పొద వెనక నక్కాడు. వెతుక్కున్నారు, ఇంకో సెకను పోయింది. ఆరు రోజులు గడిచాయి.

ఏడో రోజు మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాడు. భార్య మొత్ర్యా బీట్‌రూట్ తరుగుతోంది, కత్తి చప్పుడు వినిపిస్తోంది.

"నా మొహంలో ఏముందే?"

"ఇన్నేళ్లకి అడిగావా? నీ నోటితో ఏనాడైనా సరే అన్నావా? ముందు నీ కనుబొమలే అంటాయి. నేను వాటిని చూసే వంట చేస్తా, వాటిని చూసే ఆవుని అమ్మాను."

"నువ్వు కూడానా."

"ఎవరేం చెప్పినా తూకం వేస్తావు కదా మరి. ఆ తూకం అయ్యేదాకా జనం ఆగుతారు. తిన్నావా?"

యూఖిమ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నిజమే. లెఫ్టినెంట్ మాట చెవిన పడగానే, అది మంచిదా కాదా అని అతను లోపల కొలుస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా ఎవరి మాటనీ కొలవకుండా వదల్లేదు. వాళ్లు చూస్తున్నది ఆ కొలతని. మెడలు తిప్పవద్దని వాళ్లకి చెప్పి లాభం లేదు. కొలవడం తను మానాలి.

మర్నాడు 'పరుగు' అనే మాట పూర్తయ్యేసరికి అతను లేచి పరిగెత్తుతున్నాడు. తలలు ఎడమకి తిరిగాయి. అక్కడ వీపు తప్ప ఏమీ లేదు. ఆ వీపు వెనక వాళ్లూ పరిగెత్తారు, నలభై అడుగుల్లో అతన్ని దాటేశారు. సాయంత్రానికి సగం తలలు తిరగడం మానేశాయి.

పదో రోజు, ఆఖరి కసరత్తు. సెవెరిన్ "ఎడమ కాలువలోకి" అన్నాడు. ఆ కాలువ నిండా నీళ్లున్నాయని యూఖిమ్‌కి తెలుసు. దూకాడు. నడుము లోతు, మంచులాంటి అక్టోబరు నీళ్లు. ఇరవై ఆరు మందీ దూకారు. అందరితో పాటు లెఫ్టినెంటూ దూకి, ఊపిరి ఆగి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"బాబాయ్" అన్నాడు తిమీష్, పళ్లు టకటకలాడుతుంటే. "ఈ ఒక్కసారీ నీ మొహం చూసుండాల్సింది."

బట్టలు పిండుకుంటున్నప్పుడు సెవెరిన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీళ్లున్నాయని మీకు తెలుసా?"

"తెలుసు. పొద్దున్నే అటు వెళ్లి చూసొచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"పొద్దున అడిగుంటే చెప్పేవాణ్ణి. మీరు 'కాలువలోకి' అన్నాక ఇంక చెప్పేదేముంటుంది?"

సెవెరిన్ బూటు తిప్పి నీళ్లు ఒంపాడు. చాలా నీళ్లు వచ్చాయి.

"డిపో కాగితం రాయడం లేదు" అన్నాడు.

ముందు వరసకి బయల్దేరే రోజు, ఇంకా టీ కూడా కాగలేదు, సెవెరిన్ మ్యాపు పట్టుకుని వచ్చాడు. యూఖిమ్ పక్కకి జరిగి చోటిచ్చాడు. సెవెరిన్ మ్యాపుని ఇద్దరి మోకాళ్ల మీదా పరిచి, తాము వెళ్లబోయే దారి వేలితో చూపించాడు. యూఖిమ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. తొందరపడకుండా చూశాడు.

"ఈ వంతెన మ్యాపులో ఉంది గానీ, వసంతం వరదకి కొట్టుకుపోయింది. ఇంకో దారి చూద్దాం."